బండి నెక్కిన పడవ

"ఓడలు బండ్లగును, బండ్లు ఓడలగును" అను సామెతను మన పెద్దలు భాగ్యము తారుమారగుటకు దృష్టాంతముగా వాడుదురు. నిన్నటి ధనికుడు నేడు దరిద్రుడగుటయు, నిన్నటి దరిద్రుడు నేడు మేడ కట్టుటయు లోకమునకు క్రొత్త గాదు. కాని యీ సామెత పుట్టిన చోటు వేదాంతుల యిల్లు గాక, రేవుగట్టు. వంతెనలు లేని కాలమున నేరు దాటవలసిన బండి నావ నెక్కెడిది. క్రొత్తగా చేసిన నావ యేటికి చేరుటకు బండి నెక్కెడిది. ప్రాణహిత గోదావరుల తీరములందు కాపురముండు మనవారి కీ రెండును కండ్ల యెదుటి సంగతులే. అయితే సామెత చెప్పక విడిచిన మాట యొకటి గలదు. బండి నెక్కినంత మాత్రమున నోడ బండిదానితో నొకటి కాదు. దానిని కట్టవలయును. ఆ కట్టుటను గూర్చియే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మన పాఠశాలలో చదివి యిప్పుడు సికిందరాబాదున నుద్యోగము చేయుచున్న పూర్వవిద్యార్థి యొకరు, తాము చిరకాలము వాడిన చిన్న తెరచాపపడవను మన పిల్లలకు కానుకగా నిచ్చెదమని వర్తమానము పంపిరి. పదునారవ శతాబ్దమున నిబ్రహీం కుతుబ్ షా కాలములో కట్టబడిన హుస్సేన్ సాగరమున నేడు తెరచాపపడవల పందెములు జరుగుచుండుట చదువరులలో పలువు రెరిగినదే. ఆ చెరువు నీటిపై తిరిగిన పడవయే యిది. నిడివి సుమారు 13 అడుగులు, బరువు సుమారు 100 కిలోలు, ఒడలు ఫైబరు గ్లాసుతో చేసినది.

ఆసిఫాబాదునకు పడవ యెందుకని కొందరు నవ్విరి. మన యూరి ప్రక్కనే పెద్దవాగు పారుచున్నది. ఆ వాగుమీదనే ఆడ గ్రామము చెంత కుమురం భీం జలాశయము గలదు. ఆ నీరు తుదకు ప్రాణహితను చేరును. వానకాలమున వాగు పొంగినప్పుడు గట్టున నిలిచి భయపడుట తప్ప మన పిల్లలకు నీటితో వేరు పరిచయము లేదు. నాటుపడవలు తలక్రిందులై మనుష్యులు మునిగిన వార్తలను మాత్రము మనము వినుచునే యున్నాము. నీటిని గౌరవించుట నేర్వవలెనన్న నీటిని సమీపించవలయును. కావున కానుకను సంతోషముతో నంగీకరించి, దానిని తెచ్చుటకు బయలుదేరితిమి.

మాతోగూడ మా తండ్రిగారును వచ్చిరి. వారికిప్పు డెనుబదియేండ్లు దాటినవి. యౌవనమున వారు టేకు దుంగలను బండిమీద అడవినుండి ఆసిఫాబాదు రోడ్డు రైలుస్టేషనుకు తోలినవారు. కాజీపేట బల్లార్షాల నడుమ రైలుమార్గము 1929వ సంవత్సరమున పూర్తియైన పిదప మన అడవుల కలపకు రైలు దగ్గరయ్యెను గాని, అడవినుండి రైలువరకు గల దారి మాత్రము చాలకాలము ఎద్దులదియే. "పడవను సూద్దామని వస్త" అని వారు బయలుదేరిరి. మా బాపు చూడవచ్చినది పడవను గాదనియు, దానిని కట్టు విధమును అనియు తరువాత తెలిసినది.

సికిందరాబాదున జీపునకు తగిలించిన రెండు చక్రముల ట్రెయిలరు సిద్ధముగా నుండెను. ముందుగా స్తంభమును దించి, తెరచాపను మడచి సంచిలో పెట్టి, చుక్కానిని ఊడదీసి జీపులో నుంచితిమి. కదలు వస్తువు లన్నిటిని వేరు చేసిన పిదపనే పడవ ట్రెయిలరు నెక్కినది. ట్రెయిలరుమీద నిడివిగా రెండు కొయ్య దిమ్మెలు, వానిపై మందపు తివాచి గుడ్డ యుండెను. పడవ యడుగు ఆ రెంటిమీద సమముగా నానవలయును. ఒకచోటనే భారము పడినచో దారి కుదుపులకు ఫైబరు గ్లాసు నెర్రెవిచ్చును. పడవ ముక్కు ముందరి రబ్బరు దిమ్మెకు గట్టిగా తగులవలయును. అప్పుడే బ్రేకు వేసినప్పుడు పడవ ముందునకు పోజూచినను దిమ్మె యడ్డుపడును.

భారమును ముందువెనుకల సరిచూచుట తరువాతి పని. మొత్తము బరువులో పదియవవంతు మాత్రము జీపు కొక్కెముమీద పడునట్లుండుట మంచిదని యీ విద్య తెలిసినవారు చెప్పుదురు. వెనుక బరువు హెచ్చైనచో వేగమున ట్రెయిలరు పాము వలె అటు నిటు నాడును. మా తండ్రిగారి కిది క్రొత్త శాస్త్రముగా తోచలేదు. బండికి వెనుకబరువైనచో కాడి పైకి లేచి, ఎద్దుల మెడక్రింది పలుపు గొంతు నొక్కును. ముందుబరువైనచో కాడి మెడమీద గూర్చుండును. ఎద్దు నోరులేనిదైనను వెంటనే తెలుపును, జీపు తెలుపదు. భేద మంతియే.

ఇక కట్టుట. జీపు నడుపు యువకుడు నాలుగు పాలియెస్టరు పట్టాలను, పళ్ళచక్రముగల బిగింపుపిడులను దెచ్చెను. వీనిని రాచెట్లందురు. పిడిని పైకి క్రిందికి నాడించిన కొలది చక్రము తిరిగి పట్టాను చుట్టుకొనును. చిన్న యినుప నాలుక యొకటి పండ్లలో జొచ్చి చక్రమును వెనుకకు పోనీయదు. పాలియెస్టరు నారను 1941వ సంవత్సరమున ఇంగ్లండులో విన్ ఫీల్డు, డిక్సనులను రసాయనజ్ఞులు కనుగొనిరి. అది నైలాను వలె సాగదు, తడిసినను బలము కోలుపోదు. అందుచేతనే బరువులు కట్టుటకు దానిని మేలైనదిగా నెన్నుదురు.

మా తండ్రిగారు పట్టాను వ్రేళ్ళతో తడవి చూచి, తమ సంచినుండి జనుపనార తాడు నొకదానిని పైకి దీసిరి. యువకుడు నవ్వి, "తాతా, ఈ పట్టా టన్ను బరువు గుంజుతది. నీ తాడెందుకు?" అనెను.

"పట్టా మంచిదే బిడ్డా," అని వారు వంగి, పట్టా కొక్కెము తగిలించిన చోటును జూపిరి. "అది పట్టుకున్నదేందో, అది గూడ గంత మంచిదేనా?"

కొక్కెము ట్రెయిలరు చట్రమునకు గాక, చక్రముపైని పలుచని రేకు కప్పునకు తగిలింపబడియుండెను. యువకుడు మాటాడక కొక్కెమును దీసి ఇనుప చట్రమునకు మార్చెను. పట్టాపై కుట్టిన చీటిలో నెంత బలము వ్రాసియున్నను, ఆ బలము దాని రెండు కొనలను పట్టుకొన్న చోటుల బలమును మించదు. ఆ చీటిలోని యంకెను గూడ తెలిసి చదువవలయును. పట్టా తెగునట్టి బరువు వేరు, దానిమీద వేయదగిన బరువు వేరు. వేయదగినది సామాన్యముగా తెగు బరువులో మూడవవంతు మాత్రమే. అంచున చిన్న కోత పడినను, ఎండకు నార పెళుసైనను ఆ మూడవవంతునుగూడ నమ్మరాదు.

నిలిచియున్న పడవను కట్టుట కింత శ్రమ యేలయని బాలురడుగవచ్చును. బండి కదలినంతనే భారమునకు నలుగురు శత్రువులు పుట్టుదురు. మొదటిది బ్రేకు. వాహనమాగినను పడవ తన వేగమును విడువ నొల్లదు. న్యూటను చెప్పిన మొదటి సూత్రమును మీరు తరగతిలో చదివియే యున్నారు. గట్టి బ్రేకునకు భారములో పదింట ఎనిమిదివంతుల బలము ముందునకు తోయునని లెక్కించి, అమెరికా, ఐరోపా దేశములలో కట్టు నియమములను నిర్ణయించిరి. అనగా మా పడవ 80 కిలోల బరువంత బలముతో ముందునకు దుముకును. రెండవది మలుపు, అది ప్రక్కకు త్రోయును. దానికి సగము బరువు, అనగా 50 కిలోలు లెక్కింతురు. మూడవది గుంత, అది పైకెగురవేయును. ఎగిరిన క్షణమున పడవకును దిమ్మెకును నడుమ రాపిడి నశించును గాన, కట్టు తప్ప మరియొక యాధారముండదు. నాలుగవది గాలి. గంటకు 80 కిలోమీటర్ల వేగమున ఎదురుగాలి చదరపు మీటరున కించుమించు 30 కిలోల బలముతో నొత్తును. వేగము సగమైన నది నాలుగవవంతునకు దిగును. వేగము తగ్గించువాడు తెలియకయే తన కట్టును బలపరచుకొనుచున్నాడు.

ఈ నలుగురికి ప్రత్యుత్తరముగా నాలుగు కట్లు వేసితిమి. ముక్కునకు ముందరి చుట్టుయంత్రపు పట్టా ఒకటి. అది జారినను పడవ పోకుండ దానికి తోడుగా గొలుసొకటి. వెనుక రెండు మూలలనుండి చట్రమునకు క్రిందికి లాగిన పట్టాలు రెండు. నడుమ పడవమీదుగా అడ్డముగా పట్టా ఒకటి. పట్టా ఎంత నిటారుగా దిగిన అంత చక్కగా క్రిందికి నొక్కును. నేలతో 30 డిగ్రీలు మాత్రమే వాలియున్నచో, మనము బిగించిన బలములో సగమే క్రిందికి పనిచేయును. తక్కినది ప్రక్కకు పోవును. త్రికోణమితి చదువు బాలురు సైను పట్టికలో దీనిని సరిచూచుకొనవచ్చును.

అడ్డపు పట్టా పడవ యంచులను కొరుకకుండ పాత గోనెపట్ట మడతలు పెట్టితిమి. రాచెట్టు బలము చేతికి తెలియదు గాన, ఇంకను బిగింపుమని ఆశ పుట్టును. కాని పడవ యొడలు వంగునంత బిగించుట కట్టుట గాదు, విరుచుట. చక్రమున కనీసము రెండు చుట్లు పడవలయును. పట్టా కొన గాలి కాడకుండ ముడివేయవలయును. పట్టాకు నడుమ నొక మెలిక పెట్టినచో గాలిలో బుయ్యిమని మ్రోయదు. ఈ చివరి చిట్కాను యువకుడే చెప్పెను. మా తండ్రిగారు తల యూపి మెచ్చుకొనిరి.

వారి జనుపతాడు ముక్కుకట్టునకు ఐదవ తోడుగా చేరెను. తాడును చట్రపు గొట్టమునకు రెండు చుట్లు చుట్టిన పిదపనే వారు ముడివేసిరి. ముడికంటె చుట్టే పట్టుననుట వారి మతము. గణితజ్ఞులును అదియే చెప్పుదురు. ఆయిలరు లెక్క ననుసరించి, రాపిడి గుణకము 0.3 అయినచో ఒక్క చుట్టువలన పట్టు 6 రెట్లకు మించును. రెండు చుట్లకు ఇంచుమించు 43 రెట్లగును. తాడు బిగియుటకు వారు దానిలో జానెడు కర్ర దూర్చి మెలిపెట్టి, కర్ర కొనను తాడుకే కట్టిరి. గడ్డిబండ్లును వెదురుబండ్లును కట్టినవారి చేతిలో నది రాచెట్టుకు తాతయే.

అంతయు ముగిసిన తరువాత వారు పడవ యంచును రెండు చేతులతో పట్టి బలముగా నూపిరి. "పడవ నూపితే బండి ఊగాలె బిడ్డా. పడవొక్కటే ఊగితే ఇంక కట్టలేదన్నట్టే" అనిరి. పడవతోగూడ ట్రెయిలరును, దానితో జీపును ఊగెను. అప్పుడు కదలితిమి. ఈ పరీక్ష కంటె సులభమైన దానిని మేమే గ్రంథమునను చూడలేదు.

సికిందరాబాదునుండి సిద్దిపేట, కరీంనగరము, మంచిర్యాలలమీదుగా ఆసిఫాబాదునకు 300 కిలోమీటర్లకు పైబడిన దారి. ఇరువది కిలోమీటర్లు పోయినంతనే ఆగి చూచితిమి. వెనుక పట్టాలలో వ్రేలు దూరునంత వదులు కనబడెను. అది యెవరి లోపమును గాదు. కుదుపులకు పడవ తివాచిలో సర్దుకొని కూర్చుండును. క్రొత్తగా కట్టిన భారమెల్ల నట్లే చేయును. అందుచేత మొదటి తనిఖీ త్వరగా చేయవలయును. కరీంనగరము దగ్గర వాన కురిసెను. పట్టాలకు మార్పు లేదు గాని, జనుపతాడు తడిసి వీణతంతి వలె బిగిసెను. ఎండ వచ్చి తాడారినప్పుడు మా తండ్రిగారు జీపు నాపించి, కర్రకు మరియొక మెలిక పెట్టిరి. నార తడిసిన లావగును, లావైన తాడు పొట్టిదగును, ఆరిన మరల సాగును. వానలో బిగిసిన కట్టును నమ్మి ఎండలో పోవువాడు మోసపోవునని వారు చెప్పిరి.

గోదావరి దాటి, మంచిర్యాల విడిచి, బెల్లంపల్లివైపు పోవుచుండగా బఱ్ఱెల మంద యొకటి హఠాత్తుగా దారి కడ్డము వచ్చెను. యువకుడు బలముగా బ్రేకు వేసెను. జీపు రోడ్డును గీరుకొనుచు ఆగినది. మేము ముందునకు తూలితిమి. సంచులు ముందునకు పడినవి. వెనుదిరిగి చూడగా పడవ దిమ్మె నానుకొని యున్నది యున్నట్లే యుండెను. దాని వెనుక, పది యడుగుల దూరమున, మోటారుసైకిలొకటి ఒరిగి నిలిచియుండెను. నడుపువాడు, వాని భార్య, ఇద్దరి నడుమ బడిసంచి వీపున తగిలించుకొన్న చిన్న బాలిక. ఆ బాలిక పడవను జూచి నవ్వుచుండెను. బఱ్ఱెలు పోయినవి. ఆ దంపతులును మమ్ము దాటి తమ దారిని పోయిరి. వారు మా కట్లను చూడనైన లేదు.

కొంతదూరము పోయి చాయదుకాణము నొద్ద ఆగితిమి. మా తండ్రిగారు చాయ త్రాగక గ్లాసు చేతబట్టుకొని చాలసేపు కూర్చుండిరి. పిదప, మాకెన్నడును చెప్పని సంగతి నొకదానిని చెప్పిరి. వారికి ఇరువదియేండ్ల ప్రాయమున, అడవినుండి ఐదారు బండ్లు వరుసగా దుంగలతో దిగుచుండెనట. దిగుడులో ఒక బండికట్టు జారినది. దుంగ వెనుకకు జారి, వెనుకబండి ప్రక్కన నడచుచున్న కూలివాని మోకాలిపై పడినది. అతడు బ్రతికెను గాని, మరల బండివెంట నడువలేదు. బండికిగాని, ఎద్దులకుగాని, దుంగకుగాని ఏమియు కాలేదు. సాయంత్రమునకు దుంగ స్టేషను చేరినది, కిరాయి ముట్టినది.

"కట్టకపోతే మన సామానే పోతదనుకుంటరు బిడ్డా. మన సామాను మనకు దొరుకుతది. ఎనకొచ్చెటోనిది పోతది" అని వారు చాయ త్రాగిరి.

ఆ జారిన కట్టు ఎవరి బండిదని మేమడుగలేదు. వారును చెప్పలేదు.

అప్పటినుండి కట్టునుగూర్చి మా తలంపు మారినది. పడవ పాడగునను భయముతోనే మేమంతవరకు పట్టాలు బిగించుచుంటిమి. గోనెపట్టలు పడవకొరకు, తివాచి పడవకొరకు. కాని నాలుగు కట్లును గొలుసును నిజముగా కాపాడినది ఆ బడిసంచి పాపను. ఆమె పేరు మాకు తెలియదు. మా సంగతి యామెకు తెలియదు. లోకములో మనము చేయు పనులలో ననేకము లిట్టివే. వంతెన మేకు బిగించువాడును, మందుసీసాకు చీటి యంటించువాడును, బావికి గిలక అమర్చువాడును తమ వెనుక వచ్చువారి మొగములను చూడరు. పని చక్కగా జరిగినచో ఏమియు జరుగదు. ఏమియు జరుగనిదానికి మెప్పుకోలు లేదు. మెప్పు లేకున్నను, చూచువారు లేకున్నను కట్టును మరియొకసారి తడవి చూచుటయే పనివాని మర్యాద.

సాయంకాలము దీపాలవేళకు ఆసిఫాబాదు చేరితిమి. పడవ యిప్పుడు మన పాఠశాల వేపచెట్టు నీడన ట్రెయిలరుమీదనే యున్నది. జలాశయమున దింపుటకు అధికారుల యనుమతి కొరకు విన్నపము పంపబడినది. ప్రతివానికి తేలుకోటు లేనిదే నీటి నంటరాదని నిశ్చయించితిమి. అంతవరకు పడవ వ్యర్థముగా నుండదు. శనివారము మధ్యాహ్నములందు పై తరగతి విద్యార్థులు జట్లుగా చేరి దానిని విప్పుచు, కట్టుచు నేర్చుకొనుచున్నారు. ఒక జట్టు కట్టినదానిని మరియొక జట్టు ఊపి చూచును. ట్రెయిలరు ఊగనిచో విప్పి మరల కట్టవలసినదే. మా తండ్రిగారు వేపచెట్టు మొదట కుర్చీ వేసికొని చూచుచుందురు. చాలవరకు మాటాడరు. కొక్కెము రేకునకు తగిలించినప్పుడు మాత్రము చేతికర్రతో ఠక్కున చూపుదురు.

తలిదండ్రులకు మా విన్నప మొకటి. మీ యింటి ప్రత్తిబండిగాని, వెదురు ట్రాక్టరుగాని, స్కూటరువెనుక బియ్యపుమూటగాని బయలుదేరునప్పుడు మీ పిల్లలను పిలిచి ఊపి చూడుమనుడు. బండిదాటి వెనుకకు పొడుచుకొనివచ్చు వాసమునకు ఎఱ్ఱగుడ్డ కట్టుట వారికే యప్పగింపుడు. బాలురారా, బాలికలారా, పడవను నీటిలో దింపిన దినపు వృత్తాంతము వచ్చు సంవత్సరపు సంచికకు మీలో నొకరు వ్రాయవలసియున్నది. దానికి ముందుగా మీ పట్టాకొనలకు ముడులు వేయుడు.